బొటనవేలి నొక్కులు

అమ్మ పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్. ఏటా ఆమె పిండిని పళ్ళెంలో ఒత్తి, అందులో పీచ్ పళ్ళూ కస్టర్డూ నింపి కాల్చే ‘పై’ని ఈసారి నేను చేశాను. వేసవిలో సీసాలకెత్తిన పళ్ళు బాగా కుదిరాయి. అందరూ ప్లేట్లు ఖాళీ చేశారు. నాన్న మాత్రం కస్టర్డ్ తిని, చుట్టూ ఉన్న పిండి అంచు వదిలేశాడు.

"మాడిందా నాన్నా?"

"ఈ పిండి నువ్వే ఒత్తావా, నేడీన్?"

"నేను ఒత్తితే నీ పళ్ళూడిపోవూ! అమ్మ ఒత్తిపెట్టింది ఒకటి ఫ్రీజర్లో ఉంటే, పాడైపోతుందని వాడేశాను."

నాన్న లేచి అందరి ప్లేట్లూ చూశాడు. ఎక్కడా అంచు మిగల్లేదు. తన ప్లేటు నా ముందుకు జరిపాడు. అంచు మీద వరసగా బొటనవేలి నొక్కులు.

"మీ అమ్మవే," అన్నాడు. "రోజూ పొద్దున్నే ఫ్రీజర్ తెరిచి, వాటిలో నా వేలు పెట్టుకునేవాణ్ణే."