పొయ్యి ముట్టించని పొద్దు

తెల్లారితే చాలు, ఆ కొండమీది గుడిసెలపై సర్కారు డ్రోన్ తిరుగుతుంది. పొయ్యి పొగ కనబడకపోతే ఖాళీ ఊరని తేల్చేస్తుంది, ఇక ఆ కొండ గుడిసెలవాళ్లది కాదు!

ఇవాళేమో మామిడి కొత్త పండగ. దేవతకు కొత్త కాయలు పెట్టేదాకా ఎవరూ పొయ్యి ముట్టించకూడదు.

"పండగని దానికి చెప్పీరాదా అత్తా?" అంది కోడలు బుద్రి.

"చెప్తే నమ్ముతాదేటే? దానివన్నీ దొంగచూపులే," అంటూ సొన్నాయి వాకిట్లో పచ్చాకులు రాజేసింది. పొయ్యి కాదుగా, దేవతకు కోపం రాదు!

డ్రోన్ కిందికి దిగి పొగ వాసన చూసింది. సొన్నాయి గబుక్కున గుప్పెడు ఎండుమిరపకాయలు మంటలో పడేసింది.

"కూర ఘాటుగా ఉందమ్మా," అని డ్రోన్ పైకి లేచిపోయింది.

"నమ్మీసింది అత్తా!"

"నమ్మిందో, నమ్మినట్టు నటించిందో," అంది సొన్నాయి దగ్గుతూ. "రేపు నిజంగానే కూరొండు. తినడానికి వచ్చీగలదు."