రెండంగుళాల పగ

చెక్కతో చేసిన కొత్త కారు నమూనాలోకి కంపెనీ పెద్దాయన వంగి ఎక్కుతుంటే, అక్కడ కార్ల బొమ్మలు గీసే వెర్నా పక్కనే నిలబడి చూస్తోంది.

టోపీతో కూర్చోలేని కారును ఆయన ఒప్పుకోడని కార్ల ఊరు డెట్రాయిట్ అంతటికీ తెలుసు. అందుకే ఆమె కారు కప్పును రెండంగుళాలు దించి గీసి, ఆ బొమ్మను కావాలనే బల్ల మీద వదిలింది. మూడేళ్లుగా ఆమె గీతలను తన పేరుతో చూపించుకుంటున్న పైఅధికారి క్లెమెంట్, దాన్నీ ఎత్తుకుపోయి ఈ నమూనా చేయించాడు.

పెద్దాయన టోపీ కప్పుకు తగిలి నేల మీద దొర్లింది.

"ఎవడయ్యా దీన్ని గీసింది?"

క్లెమెంట్ వెర్నా వైపు వేలు చూపించాడు. "నేను కాదు సార్! ఈ వెర్నా గీసింది. ఆడవాళ్లకి కార్ల సంగతేం తెలుసని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."

పెద్దాయన దిగి, కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. అది నేలను కరుచుకుని, దూకబోయే పిల్లిలా ఉంది. వెర్నా కూడా అప్పుడే దాన్ని సరిగ్గా చూసింది. కసితో గీసిందే గాని, ఇంత అందమైనది ఆమె ఎన్నడూ గీయలేదు.

"మా అల్లుడు టోపీయే మానేశాడు. వాడి ఈడు వాళ్లంతా అంతే," అన్నాడు పెద్దాయన. "ఇదే చేద్దాం."

క్లెమెంట్ గొంతు సవరించుకున్నాడు. "నిజానికి సార్, ఆలోచన నాదే..."

"ఆగండి క్లెమెంట్ గారూ," అంది వెర్నా. "మూడేళ్లకి మీ నోట ఒక్క నిజం వచ్చింది. దాన్నైనా ఉండనివ్వండి."