శంకుస్థాపన రాయబారి

మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఎలుగుబంటి భల్లయ్యకు ఒకటే సరదా, కనపడ్డ చోటల్లా శంకుస్థాపన రాయి పాతడం. ఒక్క కట్టడమూ లేవలేదు గానీ అడవి నిండా రాళ్లే. ఓనాడు సింహరాజు బొటనవేలికి ఎదురుదెబ్బ తగిలింది. ఆ సాయంత్రమే భల్లయ్యను పక్క అడవికి రాయబారిగా వేశారు.

"మన విలువ ఇప్పటికి తెలిసింది ప్రభువులకి!" అని మురిసిపోయి, వెళ్లీ వెళ్లగానే అక్కడ స్నేహ వంతెనకీ, స్నేహ బావికీ రాళ్లు పాతేశాడు.

నెల తిరక్కుండానే ఆ అడవి పులిరాజు భల్లయ్యను వెంటబెట్టుకుని కుంటుకుంటూ సరిహద్దుకొచ్చాడు. "సింహం బావా, నీకో దణ్ణం! తగువులో ఉన్న వాగు నువ్వే ఉంచుకో, సంధి చేసుకుందాం. ఈయన్ని మాత్రం వెనక్కి తీసుకుపో."

సింహరాజు కట్టుకట్టిన తన వేలి వంక చూసుకున్నాడు. "వాగు నీకే ఇస్తాను బావా. కాదంటావా, యుద్ధమే చేసుకుందాం."

భల్లయ్య హుషారుగా రాయెత్తాడు. "యుద్ధభూమికి శంకుస్థాపన ఎక్కడ చేద్దాం ప్రభూ?"