మూడో చోటు

“మూడో చోటుకి ఇవాళ వెళ్లలేమండీ. బాగా ఆలస్యమైపోయింది” అని గైడు మైకులో చెప్పగానే వ్యానులో సగం మంది హమ్మయ్య అనుకున్నారు. తెల్లవారుజామున నగరంలో ఎక్కిన వాళ్లు. కొండ మీది గుడి మెట్లు, ఏటి ఒడ్డు గుడిలో రెండున్నర గంటల క్యూ కలిసి అందరి కాళ్లూ పీకేస్తున్నాయి. ఇల్లు చేరితే చాలనిపిస్తోంది.

చివరి సీటులో ఒకావిడ మాత్రం లేచి నిలబడింది.

“కాగితంలో మూడని వేశారు కదా బాబూ.”

“వేశామమ్మా. కానీ స్వామివారి ఆశ్రమం ఐదున్నరకల్లా మూసేస్తారు. ఇప్పుడు నాలుగున్నర దాటింది. వెళ్లినా గేటుకి దణ్ణం పెట్టుకుని రావాలి.”

“గేటు దాకా తీసుకెళ్లండి. ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను.”

గైడుకి ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ ఆవిడ వాలకం అతనికి అంతు చిక్కడం లేదు. ఏదో దర్జీ షాపులో పని చేస్తుందట. రెండు గుళ్ల దగ్గరా అందరూ బిలబిలమంటూ దిగిపోతే ఆవిడ సీటులోంచి కదల్లేదు. దర్శనం వద్దా అమ్మా అంటే, “మీరు వెళ్లి రండి, సామాన్లు నేను చూస్తుంటాను” అంది. అలాంటి మనిషికి ఇప్పుడు హఠాత్తుగా భక్తి పొంగుకొచ్చింది.

ముందు సీటులోని రిటైర్డు హెడ్మాస్టరుకీ అదే అనుమానం వచ్చింది. “దేవుళ్లనే చూడని దానివి, స్వామితో నీకేం పనమ్మా?” అన్నాడు మెడ తిప్పి.

“ఉందండీ. చూసి వస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను.”

“స్వామి ఎక్కడికీ పోరు కదమ్మా. ఇంకో వారం రండి” అన్నాడు గైడు.

“ఆయన పోరు. నాకే సెలవు దొరకదు. ఈ ఒక్క రోజు కోసం నాలుగు ఆదివారాలు మిషను తొక్కాను.”

గైడు వినిపించుకోనట్టు డ్రైవరు వైపు తిరిగాడు. “సిటీకి పోనీ అన్నా.”

ఆవిడ సంచీ భుజాన వేసుకుని, సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చి తలుపు దగ్గర నిలబడింది. “అయితే నన్నిక్కడే దింపెయ్యండి. ఏ లారీయో పట్టుకుని పోతాను.”

చుట్టూ ఎటు చూసినా పొలాలు. ఒంటరి ఆడమనిషిని నడిరోడ్డు మీద దింపాడని తెలిస్తే ఓనరు ఊరుకోడు. పోయిన నెల కంప్లైంటుకే, ఇంకొక్కటి వస్తే ఇంట్లో కూర్చోవలసిందేనని చెప్పేశాడు. గైడు తల పట్టుకున్నాడు.

హెడ్మాస్టరు భార్యకి మనసు కరిగింది. “పోనీలెండి, పాపం. కూతురికి మాటిచ్చానంటోందిగా. ఈ రోజుల్లో అంత భక్తి ఉన్న పిల్లలెక్కడున్నారు?”

డ్రైవరు ఎవర్నీ అడక్కుండానే బండి వెనక్కి తిప్పాడు.

ఐదూ ఇరవైకి ఆశ్రమం ముందు ఆగేసరికి గేటు ఒక రెక్క అప్పటికే వేసేశారు. గైడు పరుగెత్తుకెళ్లి, తెల్లబట్టల కార్యకర్తని బతిమాలి, గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. చివరికి ఇద్దరిని మాత్రం వదిలారు. ఆవిణ్ణి త్వరగా బయటికి తీసుకురావాలి కాబట్టి ఆ రెండోవాడు తనే అయ్యాడు.

హాల్లో వరస చీమల బారులా కదులుతోంది. చివర్న ఎత్తు వేదిక మీద చెక్కిన కుర్చీలో స్వామి కూర్చున్నాడు. “మాట్లాడకూడదు. దణ్ణం పెట్టుకుని కదలాలి” అని కార్యకర్తలు మెల్లగా హెచ్చరిస్తున్నారు. ఆవిడ పమిట సవరించుకుంది. మడమలెత్తి పదే పదే వేదిక వైపే చూడడం గైడు గమనించాడు. ఈమె నిజంగానే భక్తురాలు, అనవసరంగా విసుక్కున్నాను అని నొచ్చుకున్నాడు.

ఆవిడ వంతు వచ్చింది. వంగి స్వామి పాదాలకు నమస్కరించింది. నుదుటి బొట్టు చూసి కాబోలు, స్వామి చెయ్యెత్తాడు.

“దీర్ఘ సుమంగళీ భవ.”

ఆవిడ లేచి, కదలకుండా ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. స్వామి కూడా ఆవిణ్ణి చూశాడు. అందర్నీ చూసి నవ్వినట్టే చిన్నగా నవ్వి, వెనకే ఉన్న గైడు వైపు చెయ్యి చాపాడు. “జరగండమ్మా, జరగండి” అని కార్యకర్త ఆవిణ్ణి పక్కకి తప్పించాడు.

బయటికొచ్చాక ఆవిడ మెట్టు మీద కూలబడి చెప్పులు వేసుకోబోయింది. ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని, మళ్లీ విప్పింది. గైడు వ్యాను వైపు చూసి, ఇంకో నిమిషం ఆగితే ఏం మునిగిపోతుందిలే అనుకుని పక్కనే నిలబడ్డాడు.

“మొత్తానికి మీ పట్టుదలే నెగ్గిందమ్మా. మేమంతా గొణుక్కున్నాం. ఏమీ అనుకోకండి.”

“మీదేం తప్పు బాబూ. మీ అందరికీ ఆలస్యం చేశాను.”

“అదేం లేదు. స్వామివారు అందర్నీ అలా నోరు తెరిచి దీవించరు. మీ ముందు వాళ్లకి ఉత్తి చెయ్యే ఊపారు, నేను చూశాను. ఆయన నోటి మాటకి తిరుగుండదంటారు. ఇక బెంగ లేదు. మీ ఆయన నూరేళ్లు చల్లగా ఉంటారు.”

ఆవిడ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది.

“మా ఆయన చల్లగానే ఉన్నారు బాబూ. ఇప్పుడేగా చూశాం, ఆ కుర్చీలో. నన్నే గుర్తుపట్టలేదు.”