బలం మాత్రలు

"ఈ సీసా ఏంటి?" అన్నాడు, జనాన్ని దొంగదారిన సరిహద్దు దాటించే ఏజెంటు.

లారీ ఎక్కబోతున్న అమ్మాయి సంచీలోంచి దాన్ని పైకి తీసి గలగలలాడించాడు. మందులిచ్చే రేకుల షెడ్డు గుమ్మంలోకి నర్సు గబగబా వచ్చింది.

"బలం మాత్రలు. మీద రాసి ఉందిగా," అంది నర్సు.

రాసింది ఆవిడే. లోపలున్నవి హెచ్.ఐ.వి. మందులు. ఆ జబ్బున్నవాళ్ళని లారీ ఎక్కించనని ఏజెంటు భీష్మించుకు కూర్చున్నాడు. పక్కన కూర్చుంటే అంటుకోదని నర్సు ఏడాదిగా చెబుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పోయిన నెల జబ్బు బయటపడ్డ ఒకతన్ని నడి ఎడారిలో దింపేశాడు. తర్వాత చెప్పులు మాత్రం దొరికాయి.

ఆవిడ పంచే కండోమ్‌లంటే మాత్రం ఏజెంటుకి మహా ప్రీతి. లారీలో మనిషికి పదేసి ఇప్పించేవాడు. తన బోధ తలకెక్కిందని నర్సు మురిసిపోయింది కూడా. తీరా చూస్తే, నది దాటేటప్పుడు తడవకుండా ఫోన్లకి తొడుగుతున్నారట.

"నీకేం జబ్బు?" అన్నాడు ఏజెంటు అమ్మాయితో.

"నీరసం అన్నా."

మూత తీసి, ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోజుకెన్ని?"

అమ్మాయి నోరు తెరిచేలోపు నర్సే అందుకుంది. "రెండు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. తిన్నాక."

"మానేస్తే?"

"ఏమవుతుంది? బలం మాత్రలేగా!"

ఏజెంటు ఆవిడ మొహంలోకి చూశాడు. మాత్రని మళ్ళీ సీసాలో వేసి మూత బిగించాడు. "మిగతావాళ్ళు ఎక్కండి," అని కేకేశాడు. పదిహేను మందీ ఎక్కేశారు. కింద అమ్మాయి ఒక్కతే మిగిలింది.

"అన్నా, అవతల మా అక్క ఎదురుచూస్తుంటుంది," అంది, ఏడుపు ఆపుకుంటూ.

నర్సుకి వాడి కాళ్ళ మీద పడదామనిపించింది. పడితే గుట్టు రట్టవుతుందని గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఏజెంటు సీసాని అమ్మాయి చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు. "సిస్టరమ్మ కంగారులో తప్పు చెప్పింది. రోజుకి ఒకటే. రోజూ ఒకే వేళకి. ఒక్కరోజు కూడా మానకు. ఎక్కు."

అమ్మాయి ఎక్కింది. వాడు లారీ తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, తిన్నగా షెడ్డులోకి వచ్చాడు. బయటికి ఒకసారి తొంగి చూశాడు.

"నాకూ ఒక సీసా ఇవ్వండి సిస్టరమ్మా. మీద ఆ పేరే రాయండి. మొన్న నదిలో ఫోనుకి తొడిగాను గానీ, నా మాత్రలకి తొడగాలని తోచలేదు."