చెవులాయన తీర్పు

అడగకుండానే ఆవిడ లేచి కిటికీ తెర పక్కకు లాగింది.

వెలుగు నేరుగా చెవులాయన ముఖం మీద పడింది. ఆయన కళ్ళు చికిలించాడు.

ఆయన అసలు ఉద్యోగం బీమా కార్యాలయంలో. సెలవు రోజుల్లో మాత్రం ముందుగదిలో కూర్చుని, ఖరీదైన ఇయర్‌ఫోన్లు, వాటి కేబుళ్ళు, జేబులో పట్టే ప్లేయర్లు ఒకదానితో ఒకటి పోల్చి ఇంటర్నెట్‌లో రాస్తాడు. ఆయన మెచ్చింది అమ్ముడవుతుంది. పెదవి విరిచింది మూలపడుతుంది. చెవులాయన అన్న పేరు అలా వచ్చిందే.

వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. చిన్న డబ్బాలోంచి ఒక జత ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లో తన చేత్తో చేసిన మొదటి జత అట. వెనక ఏ కంపెనీ లేదు, అండగా ఎవరూ లేరు.

"మీరు బాగుందంటే ఇంకొన్ని చేస్తాను. లేదంటే ఈ పని ఇక్కడితో మానేస్తాను," అంది.

"అంత మాటెందుకండీ? మీకు నచ్చేదాకా మారుస్తూ పోవడమే కదా."

"నాకా వీలు లేదండీ. మీ మాటే నాకు ఆఖరు."

పొగడ్త అనుకుని ఆయన సర్దుకు కూర్చున్నాడు.

ముందు తన సొంత జత పెట్టుకున్నాడు. ఏళ్ళుగా ఏది వచ్చినా దానితోనే పోలుస్తాడు. కళ్ళు మూసుకుని ఒక భక్తిపాట విన్నాడు. తర్వాత అదే ప్లేయర్‌కు, అదే కేబుల్‌తో ఆవిడ జత తగిలించి అదే పాట విన్నాడు.

ఆవిడ చూపు ఆయన నోటి మీదినుంచి కదల్లేదు. ఆయనకు ఇబ్బందిగా అనిపించి, తల వంచుకుని ఏదో గొణిగాడు.

"కాస్త ఇటు చూసి చెప్తారా?"

తలెత్తాడు.

"ప్రాణం లేదండీ ఇందులో. పక్కింట్లో పాడుతున్నట్టుంది. శబ్దాన్ని కొలిచే గ్రాఫులో గీత చూసుకుని చేసినట్టున్నారు."

అవును, గీత చూసే చేశానని ఆవిడ ఒప్పుకుంది. పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయా, తంబూర గొంతులో కలిసిపోకుండా విడిగా తెలుస్తోందా అని వరసగా అడిగింది.

ఆయనకు చిరాకేసింది.

"వండినవాళ్ళకి ఉప్పు తెలీదా అమ్మా? అసలు మీరొక్కసారైనా విన్నారా దీన్ని?"

ఆవిడ ఖాళీ డబ్బాకు మూత పెట్టి లేచింది. ఆయన జత అందించబోతే, ఉంచుకోండి, నాకెందుకవి అని వెళ్ళిపోయింది.

మంచినీళ్ళ గ్లాసుతో వచ్చిన ఇల్లాలు ఖాళీ కుర్చీని చూసింది.

"ఉన్న మాటే చెప్పాను," అన్నాడు ఆయన, ఆమె అడక్కముందే.

"చెప్పండి, కాదన్లేదు. దాంట్లో కాస్త కారం తగ్గిస్తే మీ సొమ్మేం పోయింది?"

ఆ జత ఇల్లాలి పాలబడింది. వంట చేసుకుంటూ ఫోన్లో దేవుడి పాటలు వినడానికి బాగానే పనికొచ్చింది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆమె కూర కలుపుతూ కలుపుతూ ఆగింది.

"ఏవండీ, ఇందులో పాడే ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. మీ దాంట్లో ఉందా ఇది?"

ఆయన నవ్వుతూ తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. గొంతు ముందుంది, తంబూర దాని వెనక ఉంది, రెండింటి మధ్యా ఒక గదంత చోటు ఉంది. అదే పాట. తన జతలో ఇన్నేళ్ళూ ఆ చోటు లేదు.

ఫోన్ అందుకుని వాల్యూమ్ చూశాడు. చిన్నగా ఉంటే పెంచుకున్నానని, అందులో వింతేముందని ఇల్లాలు అంది.

వింతేమీ లేదు. కొన్ని జతలు అదే వాల్యూమ్‌లో మిగతావాటికన్నా మెల్లగా పలుకుతాయి. రెండింటి శబ్దమూ సమానం చేశాకే పోల్చాలి. లేకపోతే గట్టిగా మోగిందే గొప్పదనిపిస్తుంది. ఈ పనిలో అది మొదటి పాఠం. ఆ పాఠం ఆయనే ఎందరికో చెప్పాడు. ఆ రోజు మాత్రం ఇంట్లో చేసిన జతేగదా అని వాల్యూమ్ ముట్టుకోలేదు.

చేసే చేయి ఒకరికి, తీర్పు చెప్పే నోరు ఇంకొకరికి దేవుడెందుకు ఇస్తాడో తెలియదు. ఇచ్చేటప్పుడు కాస్త భయం కూడా కలిపి ఇస్తే బాగుండేది.

వచ్చేముందు ఆవిడ పంపిన ఈమెయిల్‌లో చిరునామా ఉంది, ఫోన్ నంబరు లేదు. చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

తలుపు తీసింది ఆవిడ చెల్లెలు. తానెవరో చెప్పగానే ఆమె ముఖం ముడుచుకుంది.

"అక్క ఆ పని మానేసిందండీ. అచ్చులు పగలగొట్టేసింది. పనిముట్లన్నీ ఇచ్చేసింది. తన చేతిని ఇక నమ్మలేనంది."

లోపలి గదిలో ఆవిడ అటు తిరిగి కూర్చుని చొక్కాకు గుండీ కుడుతోంది.

ఆయన గడపలోనే నిలబడి గొంతు పెంచాడు.

"తప్పు నాదమ్మా. సమానం చేయకుండా తీర్పు చెప్పాను. మీది నా జతకన్నా మిన్న. మళ్ళీ చేయండి."

ఆవిడ తల తిప్పలేదు.

వీధిలోవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా మరోసారి అన్నాడు. సూది పైకి లేచింది, కిందికి దిగింది, అంతే.

"అంత కోపం పెట్టుకున్నారా నా మీద?" అన్నాడు చెల్లెలితో.

"కోపం కాదండీ," అంది ఆమె మెల్లగా. "అక్క పాటలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేసేది, జ్వరంలో రెండు చెవులూ పోయాయి, తను చేసింది ఎలా పలుకుతోందో ఒక్కసారి మీ చెవులతో విందామని వచ్చింది."