బట్టీ పట్టిన జవాబులు

కబడ్డీ కోర్టులో వెల్లకిలా పడిన కెజియా తల నేలకు గట్టిగా తగిలింది. కోచ్ ఛాయాదేవి ఆమెను బయటికి తెచ్చి కూర్చోబెట్టింది. ఆట చూడ్డానికొచ్చిన తల్లి పరుగున వచ్చి, తడి తువ్వాలు కూతురి నుదుటికి అద్దుతోంది.

"ఇది ఏ ఊరు?" అడిగింది ఛాయాదేవి.

"విజయవాడ మేడమ్."

"పోయిన మ్యాచ్ ఎవరి మీద గెలిచాం?"

"గుడివాడ మీద."

"నెలలు వెనక నుంచి చెప్పు."

కెజియా తడుముకోకుండా చెప్పేసింది. "బానే ఉన్నానండి. లోపలికి పంపండి మేడమ్, సెలెక్షన్ పోద్ది."

ఛాయాదేవి సరేనని తలూపబోయింది. పక్కనున్న జట్టు పిల్ల మనోజ్ఞ ఏడ్చేసింది.

"పంపకండి మేడమ్! తలకి దెబ్బ తగిలితే ఏం అడుగుతారో క్లాసులో మీరే చెప్పారుగా. జవాబులు అందరం బట్టీ పట్టేశాం. తప్పు చెప్తే ఆడనివ్వరని."

ఛాయాదేవి కెజియా వైపు తిరిగింది. ఏడాదంతా పిల్లలు అంత శ్రద్ధగా విన్నది ఇందుకా?

ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, క్లాసులో ఎప్పుడూ చెప్పని ప్రశ్న ఒకటి అడిగింది.

"నీతో ఎవరొచ్చారమ్మా?"

కెజియా చుట్టూ చూసింది. "ఎవరూ రాలేదండి."

తల్లి చెయ్యి నుదుటి మీదే ఆగిపోయింది. ఛాయాదేవి అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఆ మాటలు విని కెజియా, తన నుదుటి మీదున్న తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మా అమ్మకి మాత్రం చెప్పకండి. భయపడుద్ది."

"చెప్పన్లే తల్లీ" అంది తల్లి.